నీటి అణువు ఎందుకు వంగింది: ఎలక్ట్రాన్ జంటల లెక్క, దాని హద్దులు

ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా మేనల్లుడు ఒక సాయంత్రం వంటింట్లోంచి ఒక బంగాళాదుంప, చీపురులోంచి నాలుగు పుల్లలు తెచ్చుకుని కూర్చున్నాడు. మీథేన్ అణువు చేయాలట. బంగాళాదుంప కార్బన్, పుల్లల కొసలు హైడ్రోజన్లు. పుస్తకంలో మీథేన్‌ను కూడిక గుర్తులా గీస్తారు కాబట్టి వాడు కూడా నాలుగు పుల్లలనూ పైన, కింద, కుడి, ఎడమ గుచ్చాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది.

"ఇది తప్పంటున్నారు మామయ్యా. పుల్లలు దూరదూరంగానే ఉన్నాయి కదా?" అన్నాడు.

పక్కపక్క పుల్లల మధ్య కోణం 90 డిగ్రీలు. పైనా కిందా ఉన్న రెండు పుల్లలను కొంచెం మా వైపు వంచాం. కుడి ఎడమల్లో ఉన్నవాటిని అంతే మేర అవతలికి వంచాం. దుంపకు బెజ్జాలు పెద్దవయ్యాయి కానీ పని జరిగింది. ఇప్పుడు ఏ రెండు పుల్లలు తీసుకున్నా మధ్య కోణం ఒకటే, సుమారు 109.5 డిగ్రీలు. నాలుగు పుల్లలకు ఇంతకన్నా ఎడం దొరకదు. కాగితానికి లేని మూడో దిక్కు అణువుకు ఉంది. ఈ ఆకారాన్నే చతుర్ముఖి అంటారు.

రసాయన బంధం పాఠంలో వచ్చే 'వేలన్సీ కర్పరంలోని ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం' అనే చాంతాడంత పేరు వెనుక ఉన్న ఆలోచన ఇంతే. పరమాణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ జంటలు వీలైనంత ఎడంగా సర్దుకుంటాయి, ఆ సర్దుబాటే అణువు ఆకారాన్ని నిర్ణయిస్తుంది. చిక్కంతా ఆ పేరులోని 'వికర్షణ' అన్న మాటతో వస్తుంది. దాని సంగతి తర్వాత. ముందు లెక్క.

చుక్కలు పెట్టి లెక్కించడం

కార్బన్ నాలుగు బంధాలు చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని రసాయన శాస్త్రవేత్తలు వాంట్‌హాఫ్, లె బెల్ 1874లోనే విడివిడిగా చెప్పారు. అప్పటికి ఎలక్ట్రాన్‌ను ఎవరూ కనుగొనలేదు. ఒకే సూత్రం ఉన్న పదార్థాలు ఎన్ని రకాలుగా దొరుకుతున్నాయో లెక్కించి, ఆకారం ఇలా ఉంటేనే ఆ సంఖ్య వస్తుందని తేల్చారు. ఎలక్ట్రాన్లు జంటలుగా కూడి బంధాన్ని ఏర్పరుస్తాయని అమెరికా శాస్త్రవేత్త లూయిస్ చెప్పింది 1916లో. మనం పరమాణువు చుట్టూ పెట్టే చుక్కలు ఆయనవే.

పరమాణువు వెలుపలి కర్పరంలోని, అంటే ఎలక్ట్రాన్ల బయటి పొరలోని, జంటలు రెండు రకాలు. రెండు పరమాణువుల మధ్య ఉండి వాటిని కలిపి ఉంచేది బంధ జంట. బంధంలో పాలుపంచుకోకుండా ఒకే పరమాణువు దగ్గర ఉండిపోయేది ఒంటరి జంట. హైడ్రోజన్, ఫ్లోరిన్ లాంటివి ఒక్కొక్క బంధంతో తగులుకున్నప్పుడు లెక్క తేలిక. కేంద్ర పరమాణువు వెలుపలి ఎలక్ట్రాన్లకు తగులుకున్న పరమాణువుల సంఖ్య కలిపి రెండుతో భాగిస్తే మొత్తం జంటలు వస్తాయి. అయానుకు (ఆవేశం ఉన్న కణానికి) రుణావేశం ఎంత ఉంటే అన్ని ఎలక్ట్రాన్లు కలపాలి, ధనావేశం ఎంత ఉంటే అన్ని తీసేయాలి.

అమ్మోనియా చూద్దాం. నైట్రోజన్‌కు ఐదు, మూడు హైడ్రోజన్ల నుంచి మూడు, మొత్తం ఎనిమిది. అంటే నాలుగు జంటలు. వాటిలో మూడు బంధాలకు పోగా ఒకటి ఒంటరిది. నీటిలో ఆక్సిజన్‌కు ఆరు, రెండు హైడ్రోజన్ల నుంచి రెండు, మళ్లీ ఎనిమిదే, నాలుగు జంటలే. ఇక్కడ బంధ జంటలు రెండు, ఒంటరివి రెండు.

ఎన్ని జంటలుంటే ఏ అమరిక? రెండైతే ఎదురెదురుగా, 180 డిగ్రీల్లో. మూడైతే ఒకే తలంలో, 120 డిగ్రీల ఎడంలో. వేసవిలో తాటికాయ చెక్కుతుంటే చూసినవారికి ఇది కొత్త కాదు. మూడు ముంజెలున్న కాయలో అవి సరిగ్గా ఇలాగే సర్దుకుని ఉంటాయి, రెండే ఉంటే చెరో పక్కకు చేరతాయి. నాలుగు జంటలకు చతుర్ముఖి. ఐదింటికి త్రికోణ ద్విపిరమిడ్, అంటే నడుము చుట్టూ మూడు, పైన ఒకటి, కింద ఒకటి. ఆరింటికి అష్టముఖి, పక్కపక్క కోణాలన్నీ 90 డిగ్రీలు.

జంటల అమరిక వేరు, అణువు ఆకారం వేరు

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. మీథేన్, అమ్మోనియా, నీరు మూడింటిలోనూ జంటల అమరిక చతుర్ముఖే. కానీ అణువు ఆకారం అన్నప్పుడు పరమాణువులు ఎక్కడున్నాయో మాత్రమే చెబుతాం, ఒంటరి జంటను లెక్కలోకి తీసుకోం. చతుర్ముఖిలో ఒక మూల ఖాళీ అయినట్టు కనిపిస్తే అమ్మోనియా పిరమిడ్, రెండు మూలలు ఖాళీ అయితే నీరు వంగిన అణువు.

కోణాలు మాత్రం సరిగ్గా 109.5 దగ్గర ఆగవు. అమ్మోనియాలో సుమారు 107, నీటిలో 104.5 డిగ్రీలు. బంధ జంటను రెండు కేంద్రకాలు చెరో వైపు లాగి పట్టుకుంటాయి కాబట్టి అది సన్నగా సాగి ఉంటుంది. ఒంటరి జంటను పట్టుకునేది ఒకే కేంద్రకం, అందుకే అది కేంద్రకం దగ్గరే ఉబ్బి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో కాళ్లు బార్లా చాపుకున్న మనిషి లాంటిది. పక్కవాళ్లు ఒదిగి కూర్చోక తప్పదు. రెండు ఒంటరి జంటల మధ్య ఒరిపిడి అన్నింటికన్నా ఎక్కువ, ఒంటరి జంటకూ బంధ జంటకూ మధ్య అంతకన్నా తక్కువ, రెండు బంధ జంటల మధ్య ఇంకా తక్కువ.

ద్విబంధాన్ని రెండు జంటలుగా లెక్కించకూడదు. ఆ రెండు జంటలూ ఒకే దిక్కులో ఉండాలి కాబట్టి దాన్ని ఒకే 'గుంపు'గా తీసుకోవాలి. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ చుట్టూ రెండు ద్విబంధాలు, ఒంటరి జంట లేదు. రెండే గుంపులు కాబట్టి అణువు నిటారుగా ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లతో పాటు సల్ఫర్ మీద ఒక ఒంటరి జంట కూడా ఉంది. మూడు గుంపులు కాబట్టి అణువు వంగింది, కోణం సుమారు 119 డిగ్రీలు. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు పక్కల లాగుళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ద్విధ్రువ భ్రామకం, అంటే అణువులో ధన, రుణ ఆవేశాలు ఎంత ఎడంగా విడిపోయాయో చెప్పే కొలత, సున్నా అవుతుంది. సల్ఫర్ డయాక్సైడ్‌కు అది 1.6 డెబైలు (ఆ కొలతకు ప్రమాణం), నీటికి 1.85. నీటి అణువు కూడా నిటారుగా ఉండి ఉంటే దానికీ సున్నానే. అప్పుడు ఉప్పు అందులో ఇంత తేలిగ్గా కరిగేది కాదు, మైక్రోవేవ్ పొయ్యిలో అన్నం వేడెక్కేదీ కాదు.

ఈ సిద్ధాంతాన్ని ఒకే ఉదాహరణతో పరిచయం చేయమంటే నేను నైట్రోజన్ డయాక్సైడ్ కుటుంబాన్నే ఎంచుకుంటాను. నైట్రోనియం అయానులో నైట్రోజన్ మీద మిగిలిన ఎలక్ట్రాన్లు లేవు, కోణం 180. నైట్రోజన్ డయాక్సైడ్‌లో జంట కాదు, ఒక్క ఎలక్ట్రాన్ మిగిలి ఉంది, కోణం 134. నైట్రైట్ అయానులో పూర్తి ఒంటరి జంట ఉంది, కోణం 115. ఎలక్ట్రాన్ ఒక్కొక్కటిగా వచ్చి చేరుతుంటే అణువు మన కళ్లముందే వంగుతున్నట్టు ఉంటుంది.

ఐదు జంటల దగ్గర నిజమైన పరీక్ష

నాలుగు జంటల దాకా ఎవరైనా చెప్పగలరు. ఐదింటి దగ్గర అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే త్రికోణ ద్విపిరమిడ్‌లో స్థానాలన్నీ ఒకటి కావు. నడుము దగ్గరి స్థానానికి 90 డిగ్రీల దూరంలో ఇరుగుపొరుగు ఇద్దరే, మిగిలిన ఇద్దరూ 120 డిగ్రీల దూరంలో ఉంటారు. అక్షం మీది స్థానానికి 90 డిగ్రీల్లో ముగ్గురు. ఇరుకు ఎక్కువైన చోట బంధాలు సాగుతాయి. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వాయువులో అక్షం మీది బంధాలు 214 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లో వంతు), నడుము దగ్గరివి 202.

ఇప్పుడు క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ ఆకారం చెప్పాలి. క్లోరిన్‌కు ఏడు, మూడు ఫ్లోరిన్ల నుంచి మూడు, మొత్తం పది, ఐదు జంటలు. మూడు బంధాలు, రెండు ఒంటరివి. ఆ రెండు ఒంటరి జంటలను ఎక్కడ కూర్చోబెట్టాలి? మూడు దారులున్నాయి. 90 డిగ్రీల ఒరిపిళ్లను మాత్రమే లెక్కిద్దాం, అంతకన్నా ఎడం ఉన్నవాటిని వదిలేయవచ్చు.

మొదటి దారిలో రెండూ అక్షం మీద, ఒకటి పైన, ఒకటి కింద. ఒక్కొక్కటీ నడుము చుట్టూ ఉన్న మూడు బంధాలనూ ఒరుసుకుంటుంది, మొత్తం ఆరు ఒంటరి–బంధ ఒరిపిళ్లు. అణువు చదునైన త్రికోణం అవుతుంది. రెండో దారిలో ఒకటి అక్షం మీద, ఒకటి నడుము దగ్గర. ఒంటరి–బంధ ఒరిపిళ్లు మూడుకు తగ్గుతాయి, కానీ రెండు ఒంటరి జంటలు 90 డిగ్రీల్లో ముఖాముఖి తగులుకుంటాయి. అన్నింటిలోకీ చెడ్డది అదే. మూడో దారిలో రెండూ నడుము దగ్గరే, వాటి మధ్య ఎడం 120 డిగ్రీలు. ఒంటరి–బంధ ఒరిపిళ్లు నాలుగు, బంధ–బంధ ఒరిపిళ్లు రెండు.

మూడో దారే నెగ్గుతుంది. మిగిలిన మూడు ఫ్లోరిన్లను కలిపి చూస్తే ఇంగ్లిష్ 'టి' అక్షరం కనిపిస్తుంది. మామూలు ఆలోచనతో మూడు ఫ్లోరిన్లున్న అణువు ఇలా ఉంటుందని ఎవరూ ఊహించరు. కొలిచి చూస్తే ఆకారం అదే. పైగా కోణం 90 కాదు, 87.5. ఒంటరి జంటలు వెనుక నుంచి నెట్టడం వల్ల టి అక్షరం చేతులు కొంచెం ముందుకు వంగాయి.

ఇదే లెక్కలో సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్‌కు ఒంటరి జంట ఒకటే, అదీ నడుము దగ్గరే. అణువు పిల్లలు ఆడుకునే ఎగుడుదిగుడు బల్లలా ఉంటుంది. జీనాన్ డైఫ్లోరైడ్‌లో మూడు ఒంటరి జంటలు నడుమంతా ఆక్రమిస్తాయి, అణువు నిటారు గీత. జీనాన్ టెట్రాఫ్లోరైడ్‌లో ఆరు జంటలు, వాటిలో రెండు ఒంటరివి ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి అణువు చదునైన చతురస్రం. జడవాయువులు ఎవరితోనూ కలవవని పాఠాలు చెబుతున్న రోజుల్లో, 1962లో, నీల్ బార్ట్‌లెట్ జీనాన్‌తో సమ్మేళనం చేసి చూపించాడు. అదే ఏడు అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో జీనాన్ టెట్రాఫ్లోరైడ్ తయారైంది. కొత్తగా పుట్టిన ఆ అణువుల ఆకారాలకు సరిపోయే సూత్రం అప్పటికే సిద్ధంగా ఉంది.

సూత్రం ఎవరిది

ఒక్కరిది కాదు. జపాన్‌లో త్సుచిదా 1939లో ఇలాంటి ఆలోచన చెప్పాడు. ఇంగ్లండ్‌లో సిడ్జ్‌విక్, పావెల్ 1940లో ఎన్నో అణువుల ఆకారాలను పోల్చి, జంటల సంఖ్యకూ ఆకారానికీ ఉన్న లంకెను చూపించారు. ఒంటరి జంటకు ఎక్కువ చోటు కావాలన్న నియమం చేర్చి, పాఠం చెప్పడానికి వీలుగా మలిచినవారు లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసిన రోనాల్డ్ గిలెస్పీ, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రోనాల్డ్ నైహోమ్. వారి వ్యాసం 1957లో వచ్చింది. గిలెస్పీ ఆ తర్వాత కెనడా వెళ్లి, 2021లో చనిపోయేదాకా ఈ సిద్ధాంతాన్ని సమర్థిస్తూ, సవరిస్తూ వచ్చాడు. సవరించాడు అన్న మాట ముఖ్యం.

ఇంతకీ తోసేది ఎవరు?

ఎలక్ట్రాన్లన్నీ రుణావేశం ఉన్నవే కాబట్టి వికర్షించుకుంటాయి, అందుకే జంటలు దూరంగా పోతాయి. తరగతి గదుల్లో వినిపించే వివరణ ఇది. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఇది తడబడుతుంది. ఆవేశాల వికర్షణే అంతా అయితే, అసలు రెండు ఎలక్ట్రాన్లు జంటగా ఒకే చోట ఎందుకు ఉంటున్నాయి? అన్నింటికన్నా ముందు విడిపోవలసింది అవే కదా?

జవాబు భౌతిక శాస్త్రవేత్త పౌలీ 1925లో చెప్పిన నియమంలో ఉంది. ఎలక్ట్రాన్లకు స్పిన్ అనే గుణం రెండు రకాలుగా ఉంటుంది. ఒకే స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండలేవు. ఆవేశం లేదనుకున్నా ఉండలేవు. వేర్వేరు స్పిన్‌లు ఉన్నవి మాత్రం ఒకే చోటును పంచుకోగలవు. ఎనిమిది ఎలక్ట్రాన్లున్న కర్పరంలో నాలుగింటిది ఒక స్పిన్, నాలుగింటిది మరో స్పిన్. మొదటి నాలుగూ వీలైనంత ఎడంగా ఉండాలంటే వాటికి అనువైనది చతుర్ముఖి. రెండో నాలుగుకూ అంతే. కానీ ఈ రెండు చతుర్ముఖులూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలన్న నియమం ఏమీ లేదు. నియాన్ పరమాణువులో కూర్చోవు కూడా, అందుకే అది నున్నని గోళంలా ఉంటుంది, దానిలో 'జంటలు' ఫలానా చోట ఉన్నాయని చూపించలేం. నీటిలో రెండు హైడ్రోజన్లు వచ్చి చేరి, ఒక్కొక్కటీ రెండు స్పిన్‌ల నుంచీ ఒక్కో ఎలక్ట్రాన్‌ను తన వైపు లాగినప్పుడు రెండు చతుర్ముఖులూ ఒకదానిలో ఒకటి ఇమిడి బిగుసుకుంటాయి. అప్పుడే నాలుగు జంటలు నాలుగు దిక్కుల్లో స్థిరపడతాయి.

మళ్లీ తాటికాయ దగ్గరకు వస్తే, ముంజెలు ఒకదాన్నొకటి అయస్కాంతాల్లా తోసుకోవడం లేదు. ఒకటి ఉన్న చోట మరొకటి ఉండలేదు, అంతే. ఒకే కాయలో మూడూ పెరగాలి కాబట్టి 120 డిగ్రీల్లో సర్దుకున్నాయి. గిలెస్పీ స్వయంగా ఈ సిద్ధాంతానికి ఆధారం పౌలీ నియమమేనని, మామూలు విద్యుత్ వికర్షణ కాదని మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆవేశాల వికర్షణకు పాత్ర లేదని కాదు, కాకపోతే ఆకారాన్ని గీసేది ప్రధానంగా అది కాదు. 'వికర్షణ' అన్న పేరు మాత్రం ఊరి పేరులా అతుక్కుపోయింది.

పక్కన ఉన్నవారి సైజు

గిలెస్పీ తర్వాతి సవరణ ఇంకా ఆసక్తికరం. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బంధం పొడవు సుమారు 131 పికోమీటర్లు, కోణం 120. లెక్క వేస్తే రెండు ఫ్లోరిన్ల మధ్య దూరం దాదాపు 226 పికోమీటర్లు వస్తుంది. దానికి ఇంకో ఫ్లోరైడ్ చేర్చితే వచ్చే టెట్రాఫ్లోరోబోరేట్ అయానులో బంధం 138కి సాగుతుంది, కోణం 109.5కి తగ్గుతుంది. అప్పుడు ఫ్లోరిన్ల మధ్య దూరం ఎంత? మళ్లీ దాదాపు 226. బంధం పొడవు మారింది, కోణం మారింది, ఫ్లోరిన్ల మధ్య ఎడం మారలేదు. అంటే బోరాన్ చుట్టూ ఉన్న ఫ్లోరిన్లు గట్టి గోళీల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, కోణాన్ని నిర్ణయించడంలో వాటి సైజుకు పెద్ద వాటా ఉంది. ఇక్కడ ముంజెలు ఎలక్ట్రాన్ జంటలు కావు, ఏకంగా ఫ్లోరిన్లే.

ఈ సవరణ ఎందుకు కావాలో రెండు జతల అంకెలు చెబుతాయి. అమ్మోనియాలో కోణం 107, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లో 102. ఫ్లోరిన్ రుణవిద్యుదాత్మకత ఎక్కువ కాబట్టి బంధ జంటలను నైట్రోజన్ నుంచి దూరంగా లాక్కుంటుంది, కేంద్రం దగ్గర ఒరిపిడి తగ్గి కోణం మూసుకుంటుంది. పాఠ్యపుస్తకం వివరణ ఇదే, బాగానే ఉంది. అదే వివరణతో ఫాస్ఫరస్ దగ్గరకు వెళ్లండి. ఫాస్ఫీన్‌లో 93.5, ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్‌లో దాదాపు 98. ఫ్లోరిన్ వచ్చాక కోణం తగ్గలేదు, పెరిగింది. హైడ్రోజన్ చిన్నది కాబట్టి ఎంతైనా దగ్గరకు రాగలదు, ఫ్లోరిన్లు అలా రాలేవు అంటే రెండో జత అర్థమవుతుంది. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లు ఫాస్ఫరస్ వైపు కొంత మళ్లి బంధం మందమవుతుందని చెప్పేవారూ ఉన్నారు. రెండు కారణాలూ కొలత తెలిసిన తర్వాత చెప్పినవే. ముందుగా పందెం కాయమంటే ఎవరు ముందుకొచ్చేవారో నాకు అనుమానమే.

నీటికి 104.5, దాని తమ్ముడికి 92

ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కిందిది సల్ఫర్. హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ నాలుగు జంటలే, రెండు ఒంటరివే. కోణం మాత్రం 92 డిగ్రీలు. ఇంకా కిందికి, హైడ్రోజన్ సెలినైడ్‌కు 91. చతుర్ముఖి నుంచి ఇంత దూరం జారితే, 'చతుర్ముఖి అమరిక, కొంచెం నొక్కుకుంది' అనడం ఎంతవరకు న్యాయం?

ఇక్కడ రెండు శిబిరాలున్నాయి. జంటల లెక్కను నమ్మేవారు, సల్ఫర్ పెద్దది, దాని పట్టు తక్కువ, బంధ జంటలు కేంద్రానికి దూరంగా ఉంటాయి కాబట్టి ఒంటరి జంటలు వాటిని ఇంకా మూలకు నెట్టగలిగాయి అంటారు. ఆర్బిటాళ్ల (పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న చోట్ల) వైపు నుంచి చూసేవారి మాట వేరు. సల్ఫర్‌లో గోళాకారపు ఎస్ ఆర్బిటాల్ బంధాల్లోకి పెద్దగా రాదు, బంధాలు దాదాపు పూర్తిగా పి ఆర్బిటాళ్లతోనే ఏర్పడతాయి, పి ఆర్బిటాళ్ల మధ్య కోణం సహజంగా 90, అందుకే 92 వచ్చింది అంటారు. సల్ఫర్, సెలీనియంల విషయంలో రెండో మాటే నేరుగా తగులుతుంది. మొదటిది అంకెను వివరిస్తుంది కానీ 90 దగ్గరే ఎందుకు ఆగిందో చెప్పదు.

ఆర్బిటాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక తిరకాసును విప్పాలి. "మీథేన్‌లో ఎస్‌పి3 సంకరీకరణం జరిగింది, అందువల్ల అది చతుర్ముఖి" అని మనమంతా రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. సంకరీకరణం అంటే ఎస్, పి లాంటి ఆర్బిటాళ్లను కలిపి కొత్త ఆర్బిటాళ్లు చేయడం. వాస్తవానికి వరుస తిరగబడింది. ఆకారం ముందు తెలుస్తుంది, దానికి సరిపోయే సంకరం పేరు తర్వాత పెడతారు. రసాయన శాస్త్రవేత్త పౌలింగ్ 1931లో ఇచ్చిన సంకరీకరణం తెలిసిన ఆకారాన్ని వర్ణించడానికి గొప్ప భాష. తెలియని ఆకారాన్ని ఊహించేది మాత్రం కాదు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌కు 'ఎస్‌పి3డి2' అని రాయడం ఇంకా అలవాటుగా సాగుతోంది. అందులో డి ఆర్బిటాళ్ల వాటా చాలా స్వల్పమని ఆధునిక గణనలు చూపించాయి.

నీటి మీద ఇంకో తగాదా ఉంది. చాలా పుస్తకాల్లో ఆక్సిజన్ మీద రెండు ఒంటరి జంటలను కుందేలు చెవుల్లా, రెండూ ఒకేలా గీస్తారు. నీటి మీద కాంతి పడేసి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే ప్రయోగంలో బంధాల్లో లేని ఎలక్ట్రాన్లు రెండు వేర్వేరు శక్తుల దగ్గర, 12.6, 14.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర బయటికొస్తాయి. రెండు జంటలూ ఒకటే అయితే శక్తీ ఒకటే ఉండాలి కదా, కాబట్టి కుందేలు చెవుల బొమ్మ పుస్తకాల నుంచి తీసేయాలన్నది కొందరు అధ్యాపకుల వాదన. రెండో పక్షం సమాధానం కూడా తేలిక కాదు. అసమానమైన ఆ రెండు ఆర్బిటాళ్లను గణితంలో కలిపి విడదీస్తే రెండు సమానమైన చెవులు వస్తాయి, మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రత చుక్కంత కూడా మారదు. ఇంటి స్థలాన్ని ఎలా కొలతలు వేసి పంచినా మొత్తం గజాలు మారనట్టే. ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి గురించి అడిగితే అసమానమైన బొమ్మ కావాలి, ఆకారం గురించి అడిగితే చెవుల బొమ్మతో పని నడుస్తుంది.

లెక్క తప్పే చోట్లు

కొన్ని చోట్ల మాత్రం ఏ సర్దుబాటుకూ లొంగదు. పరివర్తన లోహాల దగ్గర ఈ లెక్క దాదాపు పనికిరాదు. ప్లాటినం చుట్టూ నాలుగు క్లోరైడ్లుంటే చతుర్ముఖి రావాలనుకుంటాం, వచ్చేది చదునైన చతురస్రం. టంగ్‌స్టన్‌కు ఆరు మిథైల్ సమూహాలుంటే అష్టముఖి బదులు త్రికోణ పట్టకం. లోహం డి ఆర్బిటాళ్లు అక్కడ కథ నడిపిస్తాయి. వాయు స్థితిలో బేరియం ఫ్లోరైడ్‌కు రెండే బంధ జంటలు, నిటారుగా ఉండాలి, కానీ వంగి ఉంటుంది. లిథియం ఆక్సైడ్ అణువు నీటిలా వంగాలి, అది నిటారుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఉన్నవి దాదాపు అయానులే.

ట్రైసిలైల్ అమైన్ నన్ను ఎక్కువ ఆకట్టుకునేది. ట్రైమిథైల్ అమైన్‌లో నైట్రోజన్ అమ్మోనియాలో లాగే పిరమిడ్ మొన మీద ఉంటుంది. అందులో కార్బన్ల స్థానంలో సిలికాన్లు పెట్టగానే నైట్రోజన్, మూడు సిలికాన్లు ఒకే తలంలోకి వచ్చేస్తాయి. చుక్కల లెక్క ప్రకారం రెండింటికీ తేడా లేదు. నైట్రోజన్ ఒంటరి జంట సిలికాన్ల వైపు పరుచుకోవడంతో ఇక ఒంటరిగా లేదు.

ఏడు జంటలు

చివరగా జీనాన్ హెక్సాఫ్లోరైడ్. జీనాన్‌కు ఎనిమిది, ఫ్లోరిన్ల నుంచి ఆరు, పద్నాలుగు ఎలక్ట్రాన్లు, ఏడు జంటలు. ఆరు బంధాలు, ఒక ఒంటరి జంట. ఆర్బిటాళ్ల సరళ నమూనాలు ఇది చక్కని అష్టముఖి అన్నాయి. గిలెస్పీ అలా కుదరదన్నాడు. ఏడో జంటకూ చోటు కావాలి కాబట్టి అష్టముఖి చెదిరి ఉండాలన్నాడు. 1960లలో ఎలక్ట్రాన్ వివర్తన ప్రయోగాలు (ఎలక్ట్రాన్ల పుంజం అణువుల మీద పడి చెదిరే తీరు నుంచి ఆకారం తెలుసుకునేవి) వాయువులో అణువు సరైన అష్టముఖి కాదని తేల్చాయి. సిద్ధాంతానికి ఇది పెద్ద గెలుపు. కానీ ఇక్కడే ముల్లు కూడా ఉంది. టెలూరియం చుట్టూ ఆరు క్లోరైడ్లున్న అయానుకూ సరిగ్గా ఏడు జంటలే, అది మాత్రం ఏ వంకా లేని అష్టముఖి. పెద్ద క్లోరిన్లు ఆరు చుట్టూ కిక్కిరిసి ఒంటరి జంటకు బయటికి వచ్చే సందే ఇవ్వలేదని, అది గోళంలా లోపలే ఉండిపోయిందని చెబుతారు.

ఇదంతా విన్నాక మేనల్లుడు కొత్త బంగాళాదుంప తెచ్చాడు. ఆరు పుల్లలు అష్టముఖిలా గుచ్చాడు. ఏడోది ఒంటరి జంట అని చెప్పి, ఎక్కడ పెట్టాలో చూస్తూ దుంపను చేతిలో తిప్పాడు. మూడు పుల్లల మధ్య ఉన్న త్రికోణంలో గుచ్చి, ఆ మూడింటినీ కొంచెం ఎడంగా జరిపాడు. కాసేపు చూసి మళ్లీ పీకేశాడు.

"ఇలాంటి త్రికోణాలు ఎనిమిది ఉన్నాయి మామయ్యా. ఇక్కడే ఎందుకుండాలి? అక్కడా ఉండొచ్చుగా?" అంటూ పక్క త్రికోణంలో గుచ్చాడు. మళ్లీ పీకి దాని పక్కదానిలో.

జీనాన్ హెక్సాఫ్లోరైడ్ వాయువులో చేసేదీ అదే. దాని ఒంటరి జంట ఒక ముఖం దగ్గర నిలకడగా ఉండదు, ఎనిమిది ముఖాల మధ్యా గంతులేస్తూ ఉంటుంది. వాడికి ఆ మాట చెప్పేలోపే దుంప రెండు ముక్కలైంది.